ఒక మామూలు, ఇక్కడే తింటాను

మార్కెట్ వీధి,
రేకుల మేడ మీది గది

అక్కకి,

బావ నడుం నొప్పి తగ్గిందా, మీ బేకరీ పొయ్యికి కొత్త ఇటుకలు పడ్డాయా, నా మీద నీ కోపం చల్లారిందా? అడగవలసినవన్నీ అడిగేశాను, ఇక నా గోడు విను.

కొత్త ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. ఇది ఎన్నో బదిలీయో లెక్కపెట్టడం మానేశాను. గది చిన్నది. కూర్చుంటే మోకాళ్ళకి కిటికీ, నిలబడితే తలకి రేకు తగులుతాయి. ఆఫీసు ఇంకా చిన్నది. ఆహార తనిఖీ శాఖ అంటే ఇక్కడ నేనూ, ఒక బంట్రోతూ, కాలు విరిగిన కుర్చీ ఒకటీ. ఆ కుర్చీ నాది. పై అధికారి ఒకాయన ఉన్నాడు కానీ మేడ మీద ఉంటాడు, టీ వేళకి తప్ప కిందికి దిగడు.

నాకంటే ముందు నా పేరు ఇక్కడికి చేరిపోయింది. చేరిన రోజే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మిమ్మల్ని పాత ఆఫీసులో నిప్పు అనేవారట కదా?" అన్నాడు. అవునన్నాను. నాకు ఛాతీ కాస్త ఉబ్బింది కూడా. "మా దగ్గర అన్నీ కాగితాలేనండీ, కాస్త దూరదూరంగా ఉండండి" అని మేడెక్కి పోయాడు.

ఆయన వెళ్ళగానే బంట్రోతు తలుపు ఓరగా వేసి దగ్గరికి వచ్చాడు.

"సార్, ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీరు తింటారా?"

"తినకపోతే ఎలా బతుకుతానయ్యా?"

అతని మొహం వెలిగిపోయింది. "అమ్మయ్య! మిమ్మల్ని గురించి ఏదేదో చెప్పారు సార్. పాత సారు ముందు తిననే తిననని భీష్మించుకుని, తరవాత ఒక్కసారిగా మీద పడ్డారు. వీధి తట్టుకోలేకపోయింది."

"అలా తింటే అరగదు. వేళకి, కొద్దికొద్దిగా తినాలి" అన్నాను. అతను రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఇక్కడి మనుషులు ఆరోగ్యం గురించి ఇంత శ్రద్ధగా వింటారని నేననుకోలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. నా కిటికీ కింద వీధి మలుపులో ఒక శాండ్‌విచ్‌ల కొట్టు ఉంది. అందరూ మూల కొట్టు అంటారు. పొద్దున షట్టరు లేవకముందే జనం బారులు తీరతారు. బ్యాంకు మేనేజరు వెనక రిక్షా అతను, అతని వెనక పెళ్ళికి ముస్తాబైన ఆడవాళ్ళు. బోర్డు మీద సాదా, డబుల్, స్పెషల్ అని రాసి ఉంటుంది కానీ సాదా అనే మాట ఎవరి నోటా వినలేదు. తాతల నాటి నుంచీ దాన్ని ఊరంతా మామూలు అంటుందట. "ఒక మామూలు", "రెండు మామూళ్ళు, పార్సిల్", ఇదే పాట నాకు మేలుకొలుపు.

మొదటి తనిఖీ అక్కడే చేశాను. బల్లలు శుభ్రం, కత్తులు శుభ్రం, పనివాళ్ళ గోళ్ళు నాకంటే శుభ్రం. ఫ్రిజ్ ఒక్కటే బాగాలేదు. థర్మామీటరు పెడితే లోపల చల్లదనం కంటే నా చొక్కా జేబులో చల్లదనం నయం. గుడ్లు, క్రీము అన్నీ అందులోనే. వారంలోగా బాగుచేయించమని చెప్పాను. యజమాని మీసాలాయన తలూపాడు. పని అయిపోయింది, ఆకలి దంచేస్తోంది. బల్ల ముందు నిలబడి, "సరేనండీ, ఇక మామూలు ఇప్పించండి" అన్నాను.

మీసాలాయన నన్ను చూశాడు, నా చేతిలో ఆఫీసు సంచిని చూశాడు, నా వెనక బంట్రోతుని చూశాడు.

"ఎంతండీ?"

"ఎంతేమిటి? అందరికీ ఎంతో నాకూ అంతే."

"పాత సారుకి ఇచ్చినంత చాలా?"

"ఆయనకి వేరుగా, నాకు వేరుగా ఉంటుందా ఏమిటి?"

"పార్సిల్ చేయించమంటారా? ఇంటికి పంపమంటారా?"

"ఇక్కడే తింటాను. ఇందులో దాచుకునేదేముంది?"

వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. మీసాలాయన మాత్రం ఎంతో గౌరవంగా, "ఇంత సూటిగా అడిగిన ఆఫీసరుని నేను చూడలేదు సార్" అన్నాడు. శాండ్‌విచ్ చుట్టించి ఇచ్చాడు. డబ్బులిస్తే వద్దన్నాడు. నా సంగతి నీకు తెలుసు కదా, బల్ల మీద పెట్టేశాను. ఆయన ఆ నోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, "అంటే ఇది వేరు, అది వేరా సార్?" అన్నాడు. "దేనికది వేరే కదండీ" అన్నాను.

రుచి మాత్రం ఏం చెప్పను! రొట్టె పైన కరకర, లోపల దూది. వెన్న అంచుల దాకా రాస్తారు. ఉడికిన గుడ్డు, కీరా ముక్కలు, మిరియాలు, మధ్యలో గడ్డిలా సన్నగా తరిగిన పచ్చటి ఆకు, ఆ పైన క్రీము. కొరికితే చేయి తడిసి ముంజేతి దాకా కారుతుంది.

నీ తమ్ముడు

---

బేకరీ గల్లా దగ్గర,
బన్నుల ట్రేల మధ్య

ఒరేయ్ నిప్పూ,

నీ ఉత్తరం అందింది. ఫోను చేస్తే ఫైలు చదివినట్టు మాట్లాడతావు, ఉత్తరంలో అయితే కాస్త మా ఇంట్లో పుట్టినవాడిలా ఉంటావు. అందుకే రాయమంటాను.

నా చేతి బన్ను తిని కూడా బల్ల మీద డబ్బులు పెట్టి పోయే మహానుభావుడివి నువ్వు. "నువ్వు వ్యాపారివి, నేను ఆ శాఖ ఉద్యోగిని, ఊరికే తినకూడదు" అన్నావు చూడు, ఆ రోజు మీ బావ మొహం మాడిపోయిన బన్నులా అయింది. అక్కనిరా నేను, లైసెన్సు నంబరుని కాదు. అది మర్చిపోయాననుకోకు.

సరే, శాండ్‌విచ్ సంగతికొద్దాం. పైన కరకర, లోపల దూది అంటే పొయ్యిలో నీళ్ళ గిన్నె పెట్టి కాలుస్తున్నారన్న మాట. వెన్న అంచుల దాకా రాశారంటే కొట్టువాడు మంచివాడే. మధ్యలో రాసి అంచులు ఎండబెట్టే వాళ్ళని నేను మనుషుల్లో లెక్కెయ్యను. ఆ క్రీములో ఏం కలుపుతారో కనుక్కుని రాయి, నేనూ చేసి చూస్తాను.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "ఎంతండీ అన్నాడా? అందరికీ ఎంతో నాకూ అంతే అన్నాడా?" అని మళ్ళీ మళ్ళీ చదివించుకుని, నవ్వీ నవ్వీ నడుం పట్టేసి మంచమెక్కారు. ఎందుకు నవ్వారో ఉత్తరంలో రాసేది కాదు. ఎదురుగా కూర్చోబెట్టి, ఒకటి మొట్టి చెప్పాలి.

ఈలోగా ఒక్క మాట విను. ఆ కొట్లో ఇక నుంచి "సాదా" అని అడుగు. బోర్డు మీద అదే కదా ఉంది? రెండో మాట నీ నోట రానివ్వకు. ఎందుకని అడగకు.

అక్క

---

ఆఫీసు,
బాగుచేసిన కుర్చీలో

అక్కకి,

పైన చూశావా? కుర్చీ బాగైంది! నేను అడగనే లేదు. ఫర్నిచరు కొట్టువాడు వచ్చి, "మా అన్నయ్యది హోటలు సార్, మీరిలా కూర్చుంటే మాకు నిద్ర పట్టదు" అని కాలు బిగించి పోయాడు. కూలి ఇవ్వబోతే పారిపోయాడు. బంట్రోతు చేత పంపించాను.

సాదా అనమన్నావు. ఒకసారి అన్నాను. మీసాలాయన బెదిరిపోయి, "సార్, మామూలు మీద ఏమైనా కోపమొచ్చిందా?" అన్నాడు. ఊరంతా ఒక మాట అంటుంటే నేనొక్కణ్ణి ఇంకో మాట అనడం ఏం మర్యాద చెప్పు? జనం భాషలో మాట్లాడటం ఆఫీసరు ధర్మం. కాబట్టి నీ సలహాని గౌరవిస్తూనే తిరస్కరించాను.

అక్కా, ఈ ఊళ్ళో నేనంటే అందరికీ ఇష్టం. నవ్వకు. పాత ఊళ్ళో నేను వీధిలోకి వస్తే షట్టర్లు దిగేవి, నీకు తెలుసు. టీ బల్ల దగ్గర నిలబడితే పక్కవాడు గ్లాసు సగంలో వదిలి వెళ్ళిపోయేవాడు. ఇక్కడ నమస్కారాలకి నా చేయి దింపే తీరిక లేదు. పై అధికారి కూడా మొన్న టీకి పిలిచి, "మిమ్మల్ని గురించి చెప్పినవాళ్ళు అబద్ధాలకోరులండీ. ఎంత కలుపుగోలు మనిషి!" అన్నాడు.

పోయిన నెలలో వర్తకుల సంఘం వాళ్ళు సమావేశానికి పిలిచారు. ఒక్క మూల కొట్లోనే తింటే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు కదా, అందుకని ఒక నిర్ణయానికి వచ్చి వేదిక మీద చెప్పేశాను. "ఇక నుంచి ప్రతి కొట్లోనూ నేను మామూలు తింటాను. చిన్న కొట్టు, పెద్ద కొట్టు తేడా లేదు. ఎవరి దగ్గరా అంతకు మించి ఆశించను. ఎవరూ భయపడక్కర్లేదు" అన్నాను.  ఒకటే చప్పట్లు! సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకుని, "నా జన్మలో ఇంత నిజాయితీగా మాట్లాడిన ఆఫీసరుని చూడలేదు. తినేవాళ్ళని చాలామందిని చూశాం. మైకులో చెప్పి తినేవాడు ఈయనొక్కడే" అని దండ వేశాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

బంట్రోతు ఎంత కష్టపడుతున్నాడో! వీధంతా తనే తిరిగి ఏ రోజు ఎవరి వంతో చూసుకుంటాడు. పొదుపరి కూడా. కొత్త స్కూటరు కొన్నాడు.

నువ్వడిగిన క్రీము సంగతి కనుక్కున్నాను. ఆవపిండి, నిమ్మరసం, కొంచెం తేనె. ఫ్రిజ్ అయిందా అని మీసాలాయన్ని అడిగాను. "మీరుండగా మాకేం భయం సార్, అంతా అయిపోయింది" అన్నాడు. సంచిలో థర్మామీటరు ఉంది కానీ తీయలేదు. అంత ప్రేమగా పలకరించే మనిషి ముందు థర్మామీటరు తీస్తే ఏం బాగుంటుంది?

నీ తమ్ముడు

---

బేకరీ

తమ్ముడికి,

నువ్వు సంతోషంగా ఉన్నావని రాశావు. ఉండు. ఎన్నాళ్ళకి ఆ మాట రాశావో.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మీ బావ లేచి తిరుగుతున్నారు. క్రీము చేసి చూశాను, తేనె తగ్గించాను, బాగా కుదిరింది. మా ఊరి ఇన్‌స్పెక్టరు ఈ నెల కూడా వచ్చాడు. కూర్చున్నాడు, నీ గురించి అడిగాడు, "మీ తమ్ముడు గారి పేరు మా దాకా వచ్చిందమ్మా, ఇప్పుడు మనమంతా ఒకటే" అని వెళ్ళిపోయాడు. బిస్కెట్ల పొట్లం కూడా ముట్టుకోలేదు.

నాకు చెప్పవలసినవి ఏవో ఉన్నాయి కానీ ఇవాళ ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం బేకరీ మనిషిగా చెప్తున్నాను. గుడ్డు కలిపిన క్రీము నవ్వుతూ పలకరిస్తే చల్లగా ఉండదు. ఆ ఫ్రిజ్ తలుపు నువ్వే తీసి, థర్మామీటరు పెట్టి చూడు.

అక్క

---

ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

అక్కకి,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు పడుతూ లేస్తూ ఉంటాయి, సర్దుకుని చదువు. నీ ఉత్తరం నాకు ఇక్కడ అందింది.

మూల కొట్లో తిన్నాను. ఆ సాయంత్రానికి తిన్నదంతా కక్కాను. నేనొక్కణ్ణే కాదు. వార్డు నిండా ఆ రోజు వరసలో నాతోపాటు నిలబడ్డవాళ్ళే. బ్యాంకు మేనేజరు బక్కెట్టు కౌగిలించుకుని పడుకున్నాడు. పక్క మంచం మీద ట్యూషన్లు చెప్పే పంతులమ్మ కూతురు, చిన్నపిల్ల, చేతికి సెలైను. ఆ పిల్ల రెండు రోజులు కళ్ళు తెరవలేదు. పంతులమ్మ నన్ను గుర్తుపట్టి, "మీరు చూస్తున్నారు కదా అని ధైర్యంగా కొనిపెట్టానండీ" అంది. ఆవిడ తిట్టి ఉంటే నయం.

ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? పై నుంచి ఎవరో వచ్చి నా చేత తిన్నది కక్కించారట! నర్సు కూడా నవ్వుకుంటూ నా చీటీ చూస్తోంది. ఆ నవ్వు ఎందుకో ఇవాళే తెలిసింది.

మీసాలాయన పళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచం అంచున కూర్చుని మెల్లిగా, "మా మీద కోపం ఎందుకు సార్? నెలనెలా తప్పకుండా ఇస్తూనే ఉన్నాం కదా?" అన్నాడు.

"ఏమిస్తున్నారు?"

"మామూలు సార్."

"అది రోజూ ఇచ్చావు కదయ్యా! కాగితంలో చుట్టి ఇచ్చావు, నేను డబ్బులిచ్చాను."

"అది శాండ్‌విచ్ సార్. మామూలు మీ బంట్రోతు పట్టుకెళ్తాడు కదా."

నేను లేచి కూర్చున్నాను. ఆయన నా మొహంలోకి చూసి చూసి, తన మొహం పాలిపోయి, "సార్, ఆ రోజు మీరు నిజంగా శాండ్‌విచ్చే అడిగారా?" అన్నాడు.

అక్కా, ప్రపంచంలో నాకంటే వెర్రివాడు ఉంటాడా? మామూలు! ఆ మాటకి అర్థం తెలియడానికి నాకు ఆసుపత్రి మంచం కావలసి వచ్చింది. వేదికెక్కి, మైకు పట్టుకుని, దండ వేయించుకుని మరీ ఊరంతటినీ మామూలు అడిగాను.

"మరి ఫ్రిజ్ ఎందుకు బాగుచేయించలేదు?" అని అరిచాను.

"ఫ్రిజ్‌కి పెట్టాల్సిన డబ్బే కదా సార్ మీకు పెట్టింది. రెండిటికీ ఎక్కణ్ణించి తేను?" అన్నాడు. ఏమీ దాచుకోకుండా, చాలా మామూలుగా అన్నాడు.

నీ మొదటి ఉత్తరం, సాదా అనమన్న ఉత్తరం, ఇప్పుడు మళ్ళీ చదివాను. నీకు అప్పుడే తెలుసు. బావకీ తెలుసు. మీరు నవ్వుకున్నారు. పంతులమ్మ కూతురు కళ్ళు తేలేసింది. ఎందుకు చెప్పలేదు?

---

ఇల్లు,
వంటింటి గడప మీద

ఒరేయ్,

సంతకం లేని నీ ఉత్తరం అందింది. ఆ పిల్ల లేచిందా? ముందు అది రాయి. అది తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.

తెలుసు. మొదట నవ్వులాట అనుకున్నాను. సాదా అను అంటే అంటావు, దానితో పోతుందనుకున్నాను. రెండో ఉత్తరానికల్లా నవ్వు పోయింది. అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకో విను, విన్నాక తిట్టు.

ఈ బేకరీ పెట్టిన నాటి నుంచీ మా ఊరి ఇన్‌స్పెక్టరుకి నెలనెలా మామూలు ఇస్తున్నాను. ఒరేయ్, నిప్పు గారి అక్కగారు! నువ్వు బన్నుకి డబ్బులు పెట్టి పోయిన బల్ల మీద నుంచే. నీకు తెలిస్తే వాడి మీద కాగితం పెడతావు, వాడు నా మీద పెడతాడు, పొయ్యి ఆరిపోతుంది అని దాచాను. నువ్వు మైకులో ఊరంతా తింటానని చెప్పిన తరవాత వాడు మానేశాడు. "ఇప్పుడు మనమంతా ఒకటే" అన్నాడు. నాకు అర్థమైంది. నీ పేరు చెడిపోయినందుకు నాకు రాయితీ! ఆ రెండు నెలలూ పొయ్యి ముందు కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నీకు చెప్తే అది పోతుంది. నువ్వు నవ్వడం కూడా పోతుంది. అందుకని ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయని రాశాను. ఆ రోజు ఒక్క ఆర్డరూ లేదు.

నాది తప్పే. దానికి నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. కానీ నేనూ నిన్ను ఒక మాట అడుగుతాను, పారిపోకు.

థర్మామీటరు ఎందుకు తీయలేదురా?

డబ్బు నువ్వు ముట్టుకోలేదు, ఒప్పుకుంటాను. బంట్రోతు తిన్నాడు. నీకు మాత్రం ఏమీ ఇవ్వలేదా? నమస్కారాలిచ్చారు. దండ వేశారు. కుర్చీ కాలు బిగించారు. "సార్ సార్" అని వెంటపడ్డారు. ఇన్నేళ్ళుగా నిన్ను చూసి షట్టర్లు దించిన జనం ఒక్కసారి నవ్వేసరికి నువ్వు ఫ్రిజ్ తలుపు తీయడం మర్చిపోయావు. అదీ మామూలేరా. నీకు ఏది ఆకలో అదే పెట్టారు, నువ్వు తిన్నావు.

రాస్తుంటే ఏడుపొస్తోంది. నిన్ను చూసి సంతోషపడే మనుషులు నీకు ఉండాలని నాకెంత ఉంటుందో నీకేం తెలుసు?

ఆ పిల్ల సంగతి వెంటనే రాయి.

అక్క

---

మార్కెట్ వీధి,
రేకుల మేడ మీది గది

అక్కకి,

పిల్ల లేచింది. ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు నా మంచం దగ్గరికి వచ్చి, "మీరు కూడా హోంవర్కు ఎగ్గొట్టడానికేనా అంకుల్?" అంది. అవునన్నాను. నిజానికి ఎగ్గొట్టాను కదా.

నువ్వడిగిన మాట మళ్ళీ మళ్ళీ చదివాను. నాలుగు రోజులు నీ మీద మండిపడ్డాను, అయిదో రోజుకి మండటానికి ఏమీ మిగల్లేదు. నిజమే. తిన్నాను.

ఆసుపత్రి నుంచి తిన్నగా మూల కొట్టుకి వెళ్ళి థర్మామీటరు పెట్టాను, తాళం వేశాను. ఊరు ఊరంతా నా మీద విరుచుకుపడింది. ఎందుకనుకుంటున్నావు? విషం తినిపించినందుకు కొట్టువాడి మీద కాదు, పొద్దున్నే శాండ్‌విచ్ లేకుండా చేసినందుకు నా మీద. బ్యాంకు మేనేజరు ఇంకా గంజి తాగుతూనే వచ్చి, "ఒకసారి కడుపు చెడితే కొట్టు మూసేస్తారా?" అన్నాడు.

వర్తకుల సమావేశానికి మళ్ళీ వెళ్ళాను. వేదికెక్కి, "నాకు మీ మామూలు వద్దు. ఇక మీద మామూలు తినను" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒకడు లేచి, "అయితే స్పెషలా సార్?" అన్నాడు. అధ్యక్షుడు నా చేతిలో మైకు లాక్కుని, "కుదరదు సార్! మామూలని మీరే ఒప్పుకున్నారు, ఇదే మైకులో. మధ్యలో రేటు పెంచడం అన్యాయం" అన్నాడు. నేను అరిచిన కొద్దీ వాళ్ళు గట్టి బేరగాణ్ణని నమ్మారు. మర్నాడు అందరూ సంతకాలు పెట్టి నా మీద పైకి అర్జీ పంపారు. తిన్నందుకు కాదు అక్కా. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ అడిగినందుకు!

పై అధికారి విచారణ చేశాడు. "మీరు తినలేదంటారు. ఇచ్చామని వీధంతా చెబుతోంది. ఇంతమంది కూడబలుక్కుని అబద్ధమాడతారా?" అన్నాడు. బంట్రోతు సంగతి చెప్పాను. "వాడు చాలా నమ్మకస్తుడండీ" అన్నాడు. నమ్మకస్తుడే అయి ఉంటాడు, ఇప్పుడు మేడ మీద ఆయన గది తలుపు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. నన్ను రికార్డుల గదికి వేశారు. నిప్పుని తీసుకెళ్ళి కాగితాల మధ్య పెట్టారు, ఇంక నేను ఎంత ఆరిపోయానని వాళ్ళ నమ్మకమో చూడు.

పోయేముందు చివరి పని ఒకటి చేశాను. మూల కొట్టుకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. పెట్టి చూశాను, వేలు జివ్వుమంది. తాళం తీయించాను. జనం అప్పుడే బారులు తీరారు. మీసాలాయన నాతో మాట్లాడలేదు కానీ ఫ్రిజ్ తలుపు తనే పట్టుకుని నిలబడ్డాడు. నేను కూడా వెళ్ళి వరస చివర నిలబడ్డాను. నా ముందువాడు జరిగాడు, వెనకవాడు ఎడంగా జరిగాడు. నా వంతు వచ్చింది. మీసాలాయన, "ఏం కావాలి?" అన్నాడు. ఆకలిగానే ఉంది. ఆ మాట నోట రాలేదు. సాదా అనడానికీ మనసొప్పలేదు. ఏమీ వద్దని వచ్చేశాను.

గదిలో బిస్కెట్లు తిని పడుకుంటున్నాను. నువ్వు పంపినవి కావు, కొన్నవి.

నీ తమ్ముడు

---

బేకరీ,
కొత్త బోర్డు కింద

ఒరేయ్ కాగితాల గది నిప్పూ,

ఆ కొన్న బిస్కెట్లు అవతల పారేసి ఇది చదువు.

మీ శాఖలో కబుర్లు రైలు కంటే ముందు వెళ్తాయట. నువ్వు కొట్టు మూయించావని తెలిసి మా ఇన్‌స్పెక్టరు నిన్న మళ్ళీ తయారయ్యాడు. మనమంతా ఒకటి కామట ఇప్పుడు. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని, గల్లా మీద వేళ్ళతో తాళం వేస్తూ, "ఏమ్మా, మన మామూలు?" అన్నాడు.

నేను చేతులు కడుక్కున్నాను. రొట్టె కోశాను, వెన్న అంచుల దాకా రాశాను, గుడ్డు, కీరా, నీ గడ్డి, ఆ పైన క్రీము. కాగితంలో చుట్టి వాడి ముందు పెట్టాను. పక్కన బిల్లు పెట్టాను.

"ఇదేమిటమ్మా?"

"మామూలండీ. మీరు అడిగిందే. పైన బోర్డు చూడండి."

చూశాడు. మీ బావ నడుం మీద చేయి పెట్టుకుని, స్టూలెక్కి వేలాడదీసిన బోర్డు. పెద్ద అక్షరాల్లో మామూలు అనీ, పక్కన ధర. అప్పటికే వరసలో ఉన్నవాళ్ళు వింటున్నారు. "ఇక్కడే తింటారా, పార్సిలా?" అన్నాను. వాడికి చెమట పట్టింది. తినలేడు, వదిలి పోలేడు, బిల్లు చూశాక ఆ పాత మామూలు అడగలేడు. డబ్బులు పెట్టాడురా! పెట్టి, పొట్లం చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, మా పొగగొట్టం ఎత్తు తక్కువని కాగితం రాసి పోయాడు.

రాయనీ. ఎత్తు తక్కువే, వాడు రాసింది నిజమే. ఇన్నేళ్ళూ దానికి మామూలు కట్టాను, ఇప్పుడు గొట్టం కట్టిస్తాను. మేస్త్రీ రేపు వస్తున్నాడు. వాడింకా ఏమేం రాస్తాడోనని భయంగానే ఉంది. మీ బావ పైకి నవ్వుతున్నారు కానీ రాత్రి సరిగా పడుకోలేదు. అయినా ఇచ్చేది లేదు.

మా వీధిలో పిల్లలు బడికి పోతూ "అత్తా, ఒక మామూలు" అని అరుస్తుంటే ఆ మాటకి పట్టిన మురికి కొద్దికొద్దిగా వదులుతున్నట్టుంది. నువ్వే వచ్చి వినాలి.

ఆదివారం రా. వరసలో నిలబడక్కర్లేదు. ఏం కావాలో చెప్పక్కర్లేదు. ఈసారి బల్ల మీద డబ్బులు పెట్టావో, అక్కా తమ్ముళ్ళ సంబంధం అక్కడితో సరి. నువ్వు ఇప్పుడు తనిఖీ ఆఫీసరువి కూడా కావు, ఏ రూలు అడ్డొస్తుందో నేనూ చూస్తాను.

అక్క

---

రికార్డుల గది,
బీరువాల సందు

అక్కా,

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. థర్మామీటరు తెస్తాను, నీ ఫ్రిజ్‌లో పెట్టి చూడందే ఊరుకోను, ఎంత ముద్దుగా పలకరించినా సరే. పొగగొట్టం కూడా కొలుస్తాను.

పర్సు మాత్రం తేను.

తింటాను.

నీ తమ్ముడు